శాచురేషన్ 97 ఉన్నా సీఓటూ సంగతి తేలదు

సీఓపీడీ (గాలిగొట్టాలు బిగిసి, ఊపిరితిత్తులు పాడయ్యే దీర్ఘకాలపు జబ్బు) ముదిరిన మనిషి. ఇంట్లో గాలిలోంచి ఆక్సిజన్ తీసిచ్చే యంత్రం, కాన్సంట్రేటర్, నిమిషానికి 5 లీటర్ల మీద నడుస్తోంది. వేలికి పెట్టిన ఆక్సిమీటర్‌లో శాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, 97 చూపిస్తోంది. "ఆక్సిజన్ బాగానే ఉంది, రెండు రాత్రుల నుంచి కన్ను మూయలేదు, పడుకోనివ్వండి" అనుకుంటారు ఇంట్లోవాళ్ళు. దగ్గరికెళ్ళి చూస్తే అరచేతులు వెచ్చగా ఉంటాయి, నాడి బలంగా కొట్టుకుంటుంది. లేపితే ఒక మాట అని మళ్ళీ కళ్ళు మూసేస్తాడు. చేతులు చాపి మణికట్టు పైకెత్తి పట్టుకోమంటే, చెయ్యి ఉండుండి ఒక్కసారిగా కిందికి జారి మళ్ళీ పైకి లేస్తుంది. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ (సీఓటూ) పేరుకుంటే వచ్చే మగత అది. ఆక్సిమీటర్‌లో దాని జాడ కూడా కనపడదు.

ఎందుకు కనపడదో చిన్న లెక్కతో తేలిపోతుంది. (ఇక్కడి నుంచి సీఓటూ, ఆక్సిజన్, గాలి పీడనాల అంకెలన్నీ మిల్లీమీటర్ల పాదరసంలో. శాచురేషన్ మాత్రం శాతంలో. ధమని రక్తంలో సీఓటూ మామూలుగా 35 నుంచి 45 ఉండాలి.) సముద్రమట్టం దగ్గర మామూలు గాలి పీలిస్తే ఊపిరితిత్తుల్లోకి చేరే ఆక్సిజన్ పీడనం సుమారు 150. అందులోంచి సీఓటూను 0.8తో భాగించి తీసెయ్యాలి. సీఓటూ 80కి చేరితే తీసెయ్యాల్సింది 100, మిగిలేది 50. అంటే మామూలు గాలి మీద ఉన్న మనిషికి సీఓటూ పెరిగితే శాచురేషన్ తప్పకుండా పడిపోతుంది, ఆక్సిమీటర్ కూస్తుంది. ఇప్పుడు అదే మనిషికి 35 శాతం ఆక్సిజన్ ఇవ్వండి. లోపలికి చేరేది 250. వంద తీసేసినా 150 మిగులుతుంది. సీఓటూ ఆ 80 దగ్గరే ఉంది, శాచురేషన్ మాత్రం 97. కూయాల్సిన ఆక్సిమీటర్ నోరు మనమే నొక్కేశామన్నమాట.

పైగా ఎక్కువ ఆక్సిజన్ తనంతట తానే సీఓటూను పెంచుతుంది. పాడైన ఊపిరితిత్తిలో గాలి సరిగ్గా ఆడని భాగాలకు రక్తం పోకుండా శరీరం అక్కడి రక్తనాళాలను బిగించి ఉంచుతుంది. ఆక్సిజన్ దండిగా వెళ్ళగానే ఆ బిగువు సడలి, గాలి ఆడని చోటికి రక్తం మళ్ళుతుంది. ఆ రక్తం సీఓటూను వదిలించుకోలేకుండానే తిరిగొస్తుంది. హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ ఎక్కువ అంటుకున్నకొద్దీ అది మోసే సీఓటూ కూడా రక్తంలోకి జారుతుంది. ఊపిరి తీసుకోవాలన్న ప్రేరణ కొంత తగ్గడం మూడోది. అందుకే సీఓటూ పేరుకునే ప్రమాదమున్న సీఓపీడీ వాళ్ళకు లక్ష్యం 88 నుంచి 92 అని పెట్టారు. మగత కనిపించిందని భయపడి ఆక్సిజన్ ఒక్కసారిగా కట్టేయడం ఇంకా ప్రమాదం. అప్పుడు శాచురేషన్ మొదట్లో ఉన్నదానికంటే కిందికి పడిపోతుంది. లీటర్లు తగ్గించి 88–92 మధ్యకు తెచ్చి ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

సీఓటూను నేరుగా చూపించేది ఏబీజీ, అంటే మణికట్టు దగ్గర ధమనిలోంచి తీసే రక్తం. దాన్ని మించింది లేదు. కానీ నొప్పి, పైగా అది తీసిన నిమిషానికి మాత్రమే సాక్ష్యం. సూది గుచ్చేసరికి మనిషి నొప్పికి గబగబా ఊపిరి తీస్తే ఆ కాసేపట్లోనే అంకె తగ్గుతుంది. సిరంజిలో గాలి బుడగ ఉండిపోతే తగ్గుతుంది. రక్తం గడ్డకట్టకుండా సిరంజిలో వేసే హెపారిన్ ఎక్కువ మిగిలినా తగ్గుతుంది. శాంపిల్‌ను గంటసేపు ట్రేలో వదిలేస్తే రక్తకణాలు బతికే ఉంటాయి కాబట్టి సీఓటూ పెరుగుతుంది. ఇంతకన్నా పెద్ద చిక్కు, సీఓటూ చెడేది ఎక్కువగా నిద్రలో, అందులోనూ కలలు వచ్చే నిద్రలో. పొద్దున పదకొండింటికి ఓపీలో తీసిన రక్తం రాత్రి మూడింటి సంగతి చెప్పదు. రాత్రంతా గంటకోసారి గుచ్చలేం. గుచ్చకుండా కొలిచే పద్ధతుల అవసరం ఇక్కడ వచ్చింది.

అలాంటివి ముఖ్యంగా రెండు. ఒకటి వదిలే గాలిలో కొలిచేది, రెండోది చర్మం మీద కొలిచేది.

వదిలే గాలిలో కొలిచేదాన్ని క్యాప్నోగ్రఫీ అంటారు. ఆపరేషన్ థియేటర్‌లో మత్తు డాక్టర్లకు రోజూ చేతిలో ఉండే పనిముట్టు. సీఓటూ 4.26 మైక్రాన్ల దగ్గర ఇన్‌ఫ్రారెడ్ కాంతిని పీల్చుకుంటుంది. ఎంత కాంతి మాయమైందో చూసి ఎంత సీఓటూ ఉందో చెబుతుంది. గొట్టంలోనే సెన్సర్ ఉంటే మెయిన్‌స్ట్రీమ్, సన్నటి గొట్టంతో నిమిషానికి 50 నుంచి 200 మి.లీ. గాలి లాగి యంత్రంలో కొలిస్తే సైడ్‌స్ట్రీమ్. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో ఊపిరి చివర వచ్చే గాలిలోని సీఓటూ, ధమనిలో ఉన్నదానికంటే 2 నుంచి 5 మాత్రమే తక్కువ. థియేటర్‌లో అది చాలు.

ఊపిరితిత్తుల జబ్బున్న మనిషి దగ్గర ఈ నమ్మకమే మోసం చేస్తుంది. ధమనిలో సీఓటూ 60 అనుకుందాం. వదిలే గాలిలో మూడో వంతు రక్తం అందని గాలి తిత్తుల్లోంచి వస్తోందనుకుందాం. అక్కడికి రక్తమే రాదు కాబట్టి ఆ గాలిలో సీఓటూ దాదాపు సున్నా. మిగతా రెండు వంతుల్లో 60. రెండూ కలిస్తే బయటికొచ్చేది 40. తెర మీద 40 చూసి ఎవరైనా "నార్మల్" అనే అంటారు. మనిషి మాత్రం 60 మీద ఉన్నాడు. అసలు ఊపిరితిత్తుల్లో ఇది ఇంత సాఫీగా విడిపోదు గానీ, తప్పు జరిగే దిక్కు మాత్రం ఇదే. గాలి తిత్తుల గోడలు చెడిపోయే ఎంఫిసీమాలో, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో గడ్డలున్నప్పుడు 10–20 తేడా రావడం మామూలే. ఆ తేడా రోజు రోజుకూ స్థిరంగా ఉంటుందా అంటే, ఉండదు. జబ్బు ఉధృతమైతే పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. నిన్న 15 తేడా ఉందని ఈరోజూ 15 కలుపుకుంటే లెక్క తప్పుతుంది.

అంకె కంటే, ఒక్కో ఊపిరికీ తెర మీద పడే గీత ఎక్కువ చెబుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ గీత పెట్టెలా ఉంటుంది: నిలువుగా లేచి, పైన చదునుగా సాగి, నిలువుగా పడుతుంది. ఉబ్బసం, సీఓపీడీ ఉన్నవాళ్ళలో గాలి కొన్ని తిత్తుల్లోంచి ముందు, కొన్నిటిలోంచి ఆలస్యంగా వస్తుంది కాబట్టి ఆ చదును భాగం ఏటవాలుగా మారి సొరచేప వీపు మీది రెక్కలా కనిపిస్తుంది. ఆ వాలు చివరిదాకా ఎక్కుతూనే ఉందంటే, ఊపిరి పూర్తిగా వదలకముందే మళ్ళీ పీల్చేస్తున్నాడని అర్థం. తెర మీది అంకె అసలు శిఖరం కాదు. అలాంటప్పుడు మెల్లగా, చివరిదాకా ఊపిరి వదలమనండి. ఆ ఒక్క ఊపిరిలో వచ్చే అంకె ధమనికి కాస్త దగ్గరగా ఉంటుంది.

ముక్కు గొట్టంతో కొలిచేటప్పుడు ఇంకొన్ని తప్పులు దొర్లుతాయి. నోటితో ఊపిరి వదిలేవాళ్ళకు ముక్కు దగ్గర అందేది అరకొరే, అందుకే నోటి ముందు కూడా చిన్న తొట్టిలా ఉండే శాంపిల్ గొట్టం వాడాలి. పక్క నుంచే 5 లీటర్ల ఆక్సిజన్ పోతుంటే అది కలిసి అంకె పల్చబడుతుంది. హై ఫ్లో (ముక్కు గొట్టంతో చాలా వేగంగా పంపే ఆక్సిజన్) మీద ఉంటే ఇక ఆ అంకెకు విలువే లేదు. గొట్టంలో తేమ చుక్కలు పేరుకుంటే గీత గుండ్రమై, తర్వాత మొత్తానికి ఆగుతుంది. బైప్యాప్ (మాస్కు ద్వారా పీడనంతో గాలి పంపి ఊపిరికి సాయం చేసే యంత్రం) మాస్కుతో సంగతి మరీ కష్టం. ఒంటి గొట్టం బైప్యాప్‌లో, వదిలిన గాలిని కొట్టుకుపోయేందుకు కావాలనే ఒక లీక్ రంధ్రం పెడతారు. అదే లీక్ మనం కొలవాల్సిన గాలిని కూడా కొట్టుకుపోతుంది. కాబట్టి ఊపిరితిత్తుల జబ్బులో క్యాప్నోగ్రఫీని ఊపిరి ఆడుతోందా లేదా, ట్యూబు సరైన చోట ఉందా, గాలిగొట్టాలు ఎంత బిగిశాయి అన్నవి చూడటానికి వాడాలి. సీఓటూ ఎంతో తేల్చడానికి దాన్ని నమ్ముకోవద్దు.

రాత్రంతా చూడాలంటే చర్మం ప్రోబు. డాక్టర్లు ట్రాన్స్‌క్యుటేనియస్ అంటారు. లోపలున్నది పీహెచ్ (ఆమ్లగుణం కొలత, ఆమ్లం పెరిగితే అది తగ్గుతుంది) కొలిచే గాజు ఎలక్ట్రోడ్. దాని ముందు బైకార్బొనేట్ కలిసిన ద్రవం పల్చటి పొరలా, దాని మీద సీఓటూను మాత్రం లోపలికి పోనిచ్చే మెంబ్రేన్. చర్మంలోంచి వచ్చిన సీఓటూ ఆ ద్రవంలో కరిగి ఆమ్లంగా మారుతుంది, పీహెచ్ తగ్గుతుంది. సీఓటూ రెట్టింపైతే పీహెచ్ దాదాపు 0.3 పడుతుంది. రిచర్డ్ స్టో 1954లో ఈ ఊహను ముందుకు తెచ్చాడు, జాన్ సెవరింగ్‌హౌస్ దాన్ని పనికొచ్చే ఎలక్ట్రోడ్‌గా తీర్చిదిద్దాడు. ఆస్పత్రి ఏబీజీ మిషన్‌లో సీఓటూ కొలిచేదీ ఇదే సూత్రం.

చర్మం మీద పెట్టేదానికి అదనంగా హీటర్ ఉంటుంది. పెద్దవాళ్ళకు మామూలుగా 42 డిగ్రీలు. వేడికి చర్మం కింది సన్నటి రక్తనాళాలు విచ్చుకుని ధమని రక్తం లాంటి రక్తం పైపైకి వస్తుంది. అయితే వేడి చేసిన రక్తంలో సీఓటూ పీడనం దానికదే పెరుగుతుంది, డిగ్రీకి సుమారు నాలుగున్నర శాతం. 37 నుంచి 42కి వెళ్ళేసరికి 1.24 రెట్లు. చర్మ కణాలు తయారుచేసే సీఓటూ ఇంకో 4–5 కలుస్తుంది. యంత్రం ఈ రెంటినీ తీసేసి చూపిస్తుంది. లోపల 70 వస్తే, 1.24తో భాగించి 56, అందులో 5 తీసేసి 51 అని తెర మీద వేస్తుంది. ఉష్ణోగ్రత సెట్టింగ్ ఒకటి, దిద్దుబాటు ఇంకొకటి ఉంటే రాత్రంతా తప్పు అంకే వస్తుంది. యంత్రం చేతికొచ్చిన రోజునే ఆ మెనూ ఒకసారి తెరిచి చూడండి.

కాలిబ్రేషన్, అంటే సీఓటూ ఎంతుందో ముందే తెలిసిన గాలితో యంత్రాన్ని సరిచూడటం, దాని గురించి మన ఊళ్ళకు సంబంధించిన సంగతి ఒకటుంది. సిలిండర్‌లో 5 శాతం సీఓటూ ఉన్న గాలి ఉంటుంది. విశాఖపట్నంలో గాలి పీడనం 760 దగ్గర ఉంటుంది కాబట్టి ఆ 5 శాతం 38తో సమానం. హైదరాబాద్ 500 మీటర్లకు పైన ఉంది, అక్కడ పీడనం 713 దగ్గర. అదే సిలిండర్ అక్కడ 35.6. యంత్రంలో బారోమీటర్ ఉంటే అదే సర్దుకుంటుంది. బారోమీటర్ తప్పు చూపిస్తున్నా, పీడనం చేత్తో కొట్టాల్సిన పాత యంత్రాన్ని కోస్తా నుంచి తెచ్చి సెట్టింగ్ మార్చకుండా వాడినా, ప్రతి అంకెలో ఆరేడు శాతం తప్పు కలిసిపోతుంది. సీఓటూ 60 ఉన్న మనిషిలో అది 4. బైప్యాప్ కావాలా వద్దా అన్న గీటు దగ్గర 4 తక్కువేమీ కాదు.

ప్రోబు పెట్టే తీరులోనే సగం ఫలితం ఉంది. పెద్దవాళ్ళకు చెవి తమ్మె గానీ, కాలర్ బోన్ కింద ఛాతీ గానీ మంచివి. బైప్యాప్ మాస్కు పట్టీలు చెవి మీదుగా పోతుంటే ఛాతీయే నయం. వెంట్రుకలుంటే తీసెయ్యాలి. స్పిరిట్‌తో తుడిచి, అది పూర్తిగా ఆరేదాకా ఆగాలి. అంటుకునే రింగు వేసి, మధ్యలో కాంటాక్ట్ ద్రవం ఒక చుక్క పెట్టాలి. చుక్క తక్కువైతే గాలి బుడగ ఉంటుంది, ఎక్కువైతే రింగు జిగురు ఊడుతుంది. ప్రోబును ఒక పక్క నుంచి వాల్చి మెల్లగా దించితే గాలి ఆ చివరి నుంచి బయటికి పోతుంది. వైరును ఒక చుట్టు చుట్టి పక్కనే టేపు వేస్తే, మనిషి పక్కకు తిరిగినప్పుడు లాగుడు ప్రోబు మీద పడదు. చర్మం వేడెక్కి అంకె కుదురుకోవడానికి 15–20 నిమిషాలు పడుతుంది. ఆ లోపు వచ్చేవి రాసుకోవద్దు. 42 డిగ్రీల దగ్గర పెద్దవాళ్ళకు 8 గంటలు దాటకుండా చోటు మార్చాలి, వేడి ఎక్కువ పెడితే ఇంకా ముందే. స్టెరాయిడ్లు వాడి వాడి చర్మం పల్చబడిన ముసలివాళ్ళకు తొందరగా కందిపోతుంది. వాళ్ళ దగ్గర 4 గంటలకే చూడటం మంచిది.

ఇంకో పని చాలాచోట్ల వదిలేస్తారు, పొద్దున దాని విలువ తెలుస్తుంది. రికార్డింగ్ మొదలుపెట్టేముందు చర్మం మానిటర్, బైప్యాప్, ఆక్సిమీటర్ మూడింటి గడియారాలూ ఒక్క నిమిషం తేడా లేకుండా కలపండి. మూడింటి పత్రాలూ పక్కపక్కన పెట్టినప్పుడు లీక్ 2.10కి మొదలైందా, సీఓటూ 2.10కి పెరిగిందా అన్నదే ప్రశ్న. బైప్యాప్ గడియారం పావుగంట వెనకుంటే జవాబు తలకిందులవుతుంది.

అంకె కుదిరాక మెలకువగా, వెల్లకిలా ఉన్నప్పుడే ఒక ఏబీజీ తీయించండి. ఈ మొత్తం పద్ధతిలో నేను ఒక్కటి పట్టుబట్టమంటే దీనికే పట్టుబడతాను. చర్మం అంకె ధమని అంకె కంటే రెండు నిమిషాల దాకా వెనకబడి ఉంటుంది కాబట్టి, రక్తం తీసిన క్షణం నాటిది కాకుండా ఆ తర్వాత రెండు నిమిషాలకు వచ్చిన అంకెతో పోల్చాలి. తేడా 7.5 లోపు ఉంటే ఒప్పుకోవచ్చు. అంతకు మించితే ప్రోబు తీసి, చోటు మార్చి మళ్ళీ మొదలుపెట్టాలి. తేడా ఎంతో తెలిస్తే, తర్వాత రాత్రంతా వచ్చే ఎత్తుపల్లాలను ధైర్యంగా చదువుకోవచ్చు. బీపీ పడిపోయి రక్తనాళాలు బిగించే మందుల మీద ఉన్న మనిషి, ఛాతీ మీది చర్మంలో నీరు పట్టి ఉబ్బిన మనిషి దగ్గర మాత్రం ఈ ధైర్యం చెయ్యకండి. చర్మానికి రక్తమే సరిగ్గా రానప్పుడు ప్రోబు చెప్పేది చర్మం సంగతే, ఒంటి సంగతి కాదు.

గీత చదివేటప్పుడు ముందు అది శరీరానికి సాధ్యమా అని అడగాలి. ఊపిరి పూర్తిగా ఆగిపోయిన మనిషిలో కూడా మొదటి నిమిషం దాటాక సీఓటూ నిమిషానికి 3 లెక్కన మాత్రమే పెరుగుతుంది. కాబట్టి నిమిషంలో 20 ఎగిరిందంటే అది ఊపిరితిత్తి పని కాదు, ప్రోబు కదిలింది. ఉన్నట్టుండి సున్నా వైపు జారితే రింగు ఊడి గాలి దూరింది. గాలిలో సీఓటూ 0.04 శాతమే కదా. అరగంటపాటు మెల్లగా పెరిగి, పక్కకు తిరగ్గానే దిగిపోతే, మనిషి ప్రోబు మీదే పడుకున్నాడేమో చూడాలి. ఒత్తిడికి అక్కడ రక్తం ఆగి, చర్మం తయారుచేసిన సీఓటూ అక్కడే పోగవుతుంది. గంటన్నరకోసారి గుట్టలా లేచి, ఆ గుట్ట కిందే శాచురేషన్ గుంటలా పడితే అది నిజం. కలల నిద్రలో డయాఫ్రం (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే ఊపిరి కండరం) తప్ప మిగతా ఊపిరి కండరాలు సడలిపోతాయి. డయాఫ్రం ముందే చదునైపోయిన సీఓపీడీలో ఆ లోటు పూడ్చేవాళ్ళు లేరు.

పెద్దవాళ్ళలో నిద్రలో ఊపిరి చాలడం లేదని తేల్చడానికి అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ లెక్క ఇది: సీఓటూ 55కి పైన కనీసం 10 నిమిషాలు ఉండాలి, లేదా మెలకువగా వెల్లకిలా ఉన్నప్పటి కంటే 10 పెరిగి, 50 దాటి, కనీసం 10 నిమిషాలు ఉండాలి. అందుకే అంకె కుదిరాక, నిద్రపోకముందు మెలకువలో వచ్చిన అంకె ముఖ్యం. అది లేకపోతే రెండో లెక్క వెయ్యడానికే కుదరదు.

బైప్యాప్ సరిచేయడానికి ప్రోబు బాగా పనికొస్తుంది. పైపీడనం (ఊపిరి పీల్చేటప్పుడు యంత్రం ఇచ్చే పీడనం, ఇది సెంటీమీటర్ల నీటిలో) 2 పెంచి, పది నిమిషాలు చూసి, "తగ్గలేదు" అని ఇంకో 2 పెంచేస్తుంటారు. ఒంట్లో నిల్వ ఉన్న సీఓటూ చాలా ఎక్కువ, అది ఖాళీ అవడానికి అరగంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. మార్చాక కనీసం అరగంట ఆగండి. సీఓటూ పెరిగినప్పుడల్లా లీక్ కూడా పెరుగుతుంటే మాస్కు చూడాలి, పీడనం పెంచితే లీక్ ఇంకా ఎక్కువవుతుంది. లీక్ లేకుండా కలల నిద్రలోనే పెరుగుతుంటే పైపీడనమో, బ్యాకప్ రేటో (మనిషి పీల్చకపోయినా యంత్రం నిమిషానికి ఇచ్చే కనీస ఊపిరుల సంఖ్య) చాలడం లేదు. పీడనం ఎంత పెంచినా రాత్రంతా తగ్గకపోతే మాస్కు మోచెయ్యి, అంటే మాస్కును గొట్టానికి కలిపే వంపు ముక్క, పట్టుకుని చూడండి. ఐసీయూ వెంటిలేటర్‌కు వాడే, రంధ్రాల్లేని మాస్కును ఇంటి బైప్యాప్‌కు తగిలించి, గొట్టంలో విడిగా లీక్ పోర్టు పెట్టకపోతే, వదిలిన గాలినే మళ్ళీ పీలుస్తుంటాడు. అలాంటి మాస్కుల మోచెయ్యి చాలావరకు నీలం రంగులో ఉంటుంది. చప్పుడు చేస్తోందని లీక్ పోర్టు మీద ప్లాస్టర్ వేసేసినా ఇదే గతి. మాస్కు దగ్గర చెయ్యి పెడితే గాలి నిరంతరం బయటికి తగులుతుండాలి. తగలకపోతే ఆ మాస్కు అప్పటికప్పుడే తీసెయ్యాలి.

ఇంత శ్రమ పడటానికి కారణముంది. కోన్‌లైన్, ఆయన తోటివాళ్ళు 2014లో అచ్చువేసిన జర్మన్ పరిశోధనలో, స్థిరంగా ఉన్నా సీఓటూ ఎక్కువున్న సీఓపీడీ వాళ్ళకు ఇంట్లో బైప్యాప్ ఇచ్చి, సీఓటూను కనీసం 20 శాతం తగ్గించడమో 48 కిందికి తేవడమో లక్ష్యంగా పెట్టారు. ఏడాదిలో చనిపోయినవాళ్ళు బైప్యాప్ లేనివాళ్ళలో 33 శాతం, ఉన్నవాళ్ళలో 12 శాతం. అంతకుముందు చాలా ప్రయత్నాల్లో సున్నితమైన పీడనాలు పెట్టి సరిపెట్టుకున్నారు, లాభం తేలలేదు. యంత్రం ఇవ్వడంతో పని అయిపోదు, సీఓటూ నిజంగా దిగాలి. దిగిందో లేదో చూడకుండా పంపితే ఆ కుటుంబం కొన్నది ఖరీదైన ఫ్యాన్ మాత్రమే.

పొద్దున ప్రోబు తియ్యడానికి ముందు అప్పటి అంకె రాసుకోండి. తీశాక కాలిబ్రేటర్‌లో (ఆ సిలిండర్ గాలితో ప్రోబును సరిచూసే చోట) పెట్టి ఆ గాలిలో ఎంత చూపిస్తుందో చూడండి. 38 చూపించాల్సిన చోట 43 చూపిస్తే, రాత్రిలో యంత్రం అంకె 5 పక్కకు జరిగిందన్నమాట. రాత్రి పదింటికి 48 ఉండి, పొద్దున ఆరింటికి 56 అయిందనుకోండి. ఆ 8లో 5 యంత్రం జరుగుడు, మనిషి పెరిగింది 3 మాత్రమే. చాలా యంత్రాలు ఈ జరుగుడును గంటల మీద సమానంగా పంచి సరిచేసిన గీత ఇస్తాయి, కానీ ప్రోబును కాలిబ్రేటర్‌లో పెడితేనే. పక్కన పడేసి స్విచ్ కట్టేస్తే ఆ అవకాశం పోయినట్టే. జరుగుడు రోజురోజుకూ ఎక్కువవుతుంటే మెంబ్రేన్, దాని కింది ద్రవం మార్చే రోజు వచ్చింది. తయారీదారును బట్టి అది రెండు వారాల నుంచి ఆరు వారాలు. ప్రోబు తీసిన చోట ఎర్రటి గుండ్రం ఉంటుంది, కొన్ని గంటల్లో పోతుంది. పొక్కు వచ్చిందంటే వచ్చేసారి వేడి తగ్గించాలి, లేదా చోటు త్వరగా మార్చాలి.

ఈ ప్రోబు ఉన్న ఆస్పత్రులు తక్కువ. అది లేని ఊళ్ళో కూడా చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. చేతి సిరలోంచి తీసిన రక్తాన్ని గ్యాస్ మిషన్‌లో పెడితే సీఓటూ 45 లోపు వచ్చిందంటే, ధమనిలో ఎక్కువగా ఉండే అవకాశం దాదాపు లేదు. 45 దాటితే మాత్రం ధమనిలో ఎంతో అది చెప్పదు, అప్పుడు ఏబీజీ కావాలి. గ్యాస్ మిషన్ కూడా లేకపోతే ఎలక్ట్రోలైట్స్‌తో పాటు సీరమ్ బైకార్బొనేట్ రాయించండి. సీఓటూ రోజుల తరబడి ఎక్కువుంటే కిడ్నీలు బైకార్బొనేట్‌ను పట్టి ఉంచుతాయి. ఊబకాయం వల్ల ఊపిరి చాలనివాళ్ళ విషయంలో అమెరికన్ థొరాసిక్ సొసైటీ 2019లో బైకార్బొనేట్ 27ను (లీటరుకు మిల్లీమోల్స్‌లో) గీటుగా పెట్టింది. అనుమానం మరీ బలంగా లేనప్పుడు 27 లోపు ఉంటే ఏబీజీ లేకుండా ఆగొచ్చు. మూత్రం ఎక్కువ పోయే మాత్రలు వాడుతుంటే బైకార్బొనేట్ దానంతటదే పెరుగుతుంది కాబట్టి మందుల చీటీ చూసి మరీ చదవాలి. పొద్దున లేవగానే తలనొప్పి, పగలంతా మగత, బైకార్బొనేట్ 33, శాచురేషన్ 97 ఉన్న మనిషి చీటీ మీద "ఆక్సిజన్ 5 లీటర్లు, కొనసాగించండి" అని రాసి ఉంటే, ఆ రోజే ఏబీజీ తీయించాలి.